పాత కంప్యూటర్‌కి ముందు ఏది కొనాలి: ఎస్‌ఎస్‌డీనా, ర్యామా, బయటి డిస్కా?

మా మావయ్యది ఆమదాలవలస. బడిలో లెక్కల మేస్టారుగా చేసి రిటైరయ్యాడు. మొన్నామధ్య ఫోన్ చేసి, "ఒరే, కంప్యూటర్ స్విచ్చేసి, టీ కాసుకుని తాగొచ్చినా ఇంకా తెరుచుకోవట్లేదురా. షాపాయన ర్యామ్ ఏయించమంటన్నాడు. మనవడేమో బయట పెట్టుకునే డిస్క్ కొనమంటన్నాడు. నా దగ్గర ఓ ఆరు వేలున్నాయి. ఏటి సెయ్యమంటావు?" అన్నాడు.

"ఇప్పుడే ఏమీ కొనకు మావయ్యా, ఆదివారం వస్తాను" అన్నాను.

శ్రీకాకుళంలో ఉండి చుట్టాలకీ స్నేహితులకీ కంప్యూటర్లు చూసిపెట్టే నాకు ఇలాంటి ఫోన్లు నెలకి రెండు మూడైనా వస్తాయి. మావయ్యకి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జబ్బేమిటో తెలియకుండా మందు కొనొద్దు. తెలిశాక, చేతిలో డబ్బు తక్కువగా ఉంటే, రేపు కొత్త కంప్యూటర్ కొన్నా మన వెంట వచ్చే వస్తువు మీద ముందు పెట్టండి. ఎస్‌ఎస్‌డీ, అంటే పాత హార్డ్ డిస్క్ చోట పెట్టే వేగమైన డిస్క్, వెంట వస్తుంది. బయటి డిస్క్ వెంట వస్తుంది. పాత ర్యామ్ మాత్రం పాత మెషీన్‌తోనే పోతుంది.

ముందు పది నిమిషాలు చూడండి

ర్యామ్‌ని వంటగట్టు అనుకోండి, డిస్క్‌ని అటక అనుకోండి. వండేటప్పుడు కావలసినవన్నీ గట్టు మీద ఉంటే పని చకచకా సాగుతుంది. గట్టు ఇరుకైతే ఒక గిన్నె దించడానికి ఇంకో గిన్నె అటక మీద పెట్టాలి, అది కావలసినప్పుడు మళ్లీ నిచ్చెన ఎక్కాలి. కంప్యూటర్ కూడా ర్యామ్ నిండినప్పుడు ఇదే చేస్తుంది. కొంత సమాచారాన్ని డిస్క్ మీదికి తోసి, అవసరమైనప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. పాత హార్డ్ డిస్క్ అయితే ఆ నిచ్చెన ఎక్కి దిగడమే పెద్ద పని.

అందుకే "నెమ్మదిగా ఉంది" అన్న ఒక్క మాటతో ఏది కొనాలో తేలదు. మీరు రోజూ చేసే పనులే తెరవండి. బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు, పిల్లల వీడియో క్లాసు, ఒక వర్డ్ ఫైలు. అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీలో మెమరీ (అంటే ర్యామే), డిస్క్ అని రెండు కనిపిస్తాయి. ఆ రెండింటినీ జతగా చూడాలి, ఇది చాలా ముఖ్యం.

మెమరీ సగమో, కొంచెం ఎక్కువో మాత్రమే వాడకంలో ఉండి డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి ఉంటే జబ్బు డిస్క్‌దే. అప్పుడు ర్యామ్ ఎంత వేసినా తేడా రాదు. మెమరీ 90 దాటి, డిస్క్ కూడా 100 చూపిస్తుంటే చాలామంది "డిస్క్ పోయింది" అనుకుంటారు. నిజానికి గట్టు నిండిపోయి మాటిమాటికీ అటక ఎక్కుతున్నందువల్ల కూడా డిస్క్ అలా ఊపిరాడకుండా తిరుగుతుంది. ఇప్పటికే ఎస్‌ఎస్‌డీ ఉన్న మెషీన్‌లో మెమరీ 90 దాటుతుంటే ర్యామ్ కొనాల్సిందే. రెండూ తక్కువే ఉండి ఇంకా నెమ్మదిగా ఉంటే ఈ వ్యాసంలోని వస్తువులేవీ కొనకండి. ఫ్యాన్‌లో దుమ్ము, ప్రాసెసర్ వేడి, వైరస్, ఇంట్లో నెట్ స్పీడు ముందు చూసుకోండి.

మావయ్య కంప్యూటర్ 2016లో కొన్నది. ఆరో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. స్విచ్ వేశాక ఏ ప్రోగ్రామూ తెరవకుండానే డిస్క్ నాలుగు నిమిషాలకు పైగా 100 శాతం మీదే ఉంది, మెమరీ 60 దగ్గర. బ్రౌజర్ తెరిచాక మెమరీ 93కి వెళ్లింది. అంటే రెండు జబ్బులూ ఉన్నాయి. రెంటిలో మొదటిది మాత్రం డిస్క్‌దే.

అదే మెమరీ పేజీలో కింద 'స్లాట్స్ యూజ్డ్' అని ఉంటుంది. రెండింటిలో ఒకటి వాడకంలో ఉందంటే ఇంకో ర్యామ్ ముక్కకి చోటు ఉన్నట్టే. ఆ పేజీని ఫోన్‌తో ఫోటో తీసుకోండి. షాపులో అది చాలా పనికొస్తుంది.

ఎస్‌ఎస్‌డీకే నా మొదటి ఓటు

పాత హార్డ్ డిస్క్ లోపల ఒక పళ్లెం నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతూ ఉంటుంది. దాని మీద ఒక ముల్లు అటూ ఇటూ కదులుతూ చదువుతుంది. పెద్ద సినిమా ఫైలు ఒకే వరసలో ఉంటే సెకనుకి 100 ఎంబీ పైనే లాగుతుంది, ఫరవాలేదు. కానీ విండోస్ తెరుచుకోవాలంటే వేల చిన్న చిన్న ఫైళ్లు కావాలి, అవి పళ్లెం మీద తలోచోట ఉంటాయి. ముల్లు ఒక్కో చోటికి వెళ్లడానికి సుమారు సెకనులో నూరో వంతు పడుతుంది. అంటే సెకనుకి వంద చోట్ల కంటే పెద్దగా తిరగలేదు. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, ముల్లూ లేదు. అదే పని సెకనుకి వేలు, పదివేల సార్లు చేస్తుంది. టీ కాసుకుని తాగేంత సమయం అరనిమిషంలోపుకి దిగేది ఇందువల్లే.

ఇక ఏ రకం? బజారులో రెండు రకాలు ఎదురవుతాయి. ఒకటి సాటా రకం, లాప్‌టాప్ డిస్క్ సైజులో సన్నని పెట్టెలా ఉంటుంది, సెకనుకి 500 ఎంబీ పైన చదువుతుంది. రెండోది చూయింగ్ గమ్ బిళ్లలా ఉండే ఎం.2 ఎన్‌వీఎంఈ రకం. దాని మూడో తరం సరుకే 3,500 ఎంబీ వరకు వెళ్తుంది. ఏడింతల తేడా కదా అని కంగారు పడకండి. వర్డు, బ్రౌజరు, వీడియో క్లాసులు వాడే ఇంట్లో ఆ రెండింటికీ మధ్య తేడా చేతికి తెలియదు. హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు కనపడేదే అసలు తేడా.

మీ మదర్‌బోర్డులో ఎం.2 స్లాట్ లేకపోతే సాటా తీసుకోండి, అంతే. స్లాట్ ఉంటే మాత్రం మాన్యువల్‌లో ఒక సంగతి చూసుకోవాలి. సాటా కూడా ఎం.2 బిళ్ల రూపంలో వస్తుంది, కొన్ని ఎం.2 స్లాట్‌లు ఆ సాటా బిళ్లని మాత్రమే తీసుకుంటాయి, పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఎన్‌వీఎంఈ పడుతుందని ఖాయమై, ధర కూడా అటూ ఇటూగా ఉంటే అదే కొనండి. రేపటి కంప్యూటర్‌లో కూడా అది అలాగే కూర్చుంటుంది.

సైజు విషయంలో 120 జీబీ వద్దు. విండోస్, దాని అప్‌డేట్లు, నాలుగు ప్రోగ్రాములు పడేసరికి నిండిపోతుంది, నిండిన ఎస్‌ఎస్‌డీ మళ్లీ నెమ్మదిస్తుంది. పాత హార్డ్ డిస్క్‌ని పక్కనే ఉంచుకునే డెస్క్‌టాప్‌కి 256 జీబీ చాలు. ఒక్క డిస్క్‌కే చోటున్న లాప్‌టాప్‌కి 512 చూడండి. పేరు ఎప్పుడూ వినని కంపెనీది సగం ధరకి వస్తుంటే వదిలేయండి. సెకండ్ హ్యాండ్ ఎస్‌ఎస్‌డీ అసలు కొనొద్దు. దాని మీద ఎంత రాశారో దాన్ని బట్టే దాని ఆయుష్షు ఉంటుంది, అది పైకి కనపడదు.

చిన్న సంగతే కానీ చాలామందిని రెండోసారి షాపుకి తిప్పుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ డబ్బాలో సాధారణంగా డేటా కేబుల్ రాదు. డెస్క్‌టాప్‌కి బిగిస్తుంటే అది విడిగా అడిగి తెచ్చుకోండి.

విండోస్‌ని పాత డిస్క్ నుంచి యథాతథంగా కాపీ చేయవచ్చు, క్లోన్జిల్లా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. నాకైతే కొత్తగా ఎక్కించడమే ఇష్టం. పదేళ్ల చెత్త కూడా కొత్త ఇంటికి మోసుకెళ్లక్కర్లేదు. అయితే ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. విండోస్ 11కి ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం నుంచే అధికారిక అనుమతి. మావయ్యది ఆరో తరం. ఆయన వాడకమంతా బ్రౌజరు, తెలుగు టైపింగు, ఫోటోలు. అందుకని విండోస్ బదులు వాడే లినక్స్ మింట్ ఎక్కించాను, డబ్బు ఖర్చు లేదు. ట్యాలీ లాంటి విండోస్ ప్రోగ్రాముల మీద ఆధారపడే ఇంటికి ఈ దారి కుదరదు. అలాంటివాళ్లు పాత మెషీన్ మీద ఎస్‌ఎస్‌డీ ఒక్కటే పెట్టి, మిగతా డబ్బు కొత్త కంప్యూటర్‌కి దాచుకోవడం మేలు.

ర్యామ్: ఎంత, ఏది, కొత్తదా పాతదా

4 జీబీ నుంచి 8కి వెళ్తే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. 8 నుంచి 16కి వెళ్తే వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకీ, పెద్ద డిజైన్ ఫైళ్లతో పనిచేసేవాళ్లకీ, ఇంజనీరింగ్ చదివే పిల్లలకీ తెలుస్తుంది. మిగతావాళ్లకి పెద్దగా తెలియదు. టాస్క్ మేనేజర్‌లో 8 జీబీ మీద 70 శాతం దాటకపోతే ఇంకా కొనడం దండగ. విండోస్ 32 బిట్ది అయితే 4 జీబీ దాటి వేసినా వాడుకోలేదు. ముందు 64 బిట్ ఎక్కించాలి.

రకం దగ్గరే అసలు పొరపాట్లు జరుగుతాయి. ర్యామ్‌లో డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అని తరాలున్నాయి, అవి ఒకదాని చోట ఒకటి కూర్చోవు. ముక్క అడుగున ఉండే గాటు ఒక్కో రకానికి ఒక్కో చోట ఉంటుంది. డెస్క్‌టాప్ ముక్క పొడుగు, లాప్‌టాప్ ముక్క దానిలో సగం. డీడీఆర్3 లోనే 1.5 వోల్టులది ఒకటి, 1.35 వోల్టుల 'ఎల్' రకం ఒకటి.

నాకు ఇది బాగా తగిలిన దెబ్బ. మా చెల్లి లాప్‌టాప్ కోసం ఒకసారి విశాఖ వెళ్లినప్పుడు ఒక షాపులో ర్యామ్ అడిగాను. ఏ సంవత్సరం మోడల్ అని అడిగి, 2016 అనగానే డీడీఆర్3 ముక్క చేతిలో పెట్టాడు. నేనూ నమ్మాను. శ్రీకాకుళం వచ్చి వెనక మూత విప్పి పెడితే గాటు కలవలేదు. అది డీడీఆర్4 స్లాటు. ఆ ఏడాది మోడళ్లలో రెండు రకాలూ ఉండేవి. మార్చుకోవడానికి మళ్లీ నూట పది కిలోమీటర్లు వెళ్లాను, ఒక రోజు సెలవు పోయింది, రానూపోనూ బస్సు చార్జీ అదనం. అప్పటి నుంచి ఉన్న ముక్క విప్పి, దాని స్టిక్కర్ ఫోటో తీయకుండా షాపు మెట్లెక్కను. స్టిక్కర్ మీద పీసీ3ఎల్ అని ఉంటే డీడీఆర్3ఎల్, పీసీ4 అని ఉంటే డీడీఆర్4, పీసీ5 అని ఉంటే డీడీఆర్5.

కొన్ని సన్నని లాప్‌టాప్‌లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు, స్లాటే ఉండదు. మీ మోడల్ పేరుతో తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో చూస్తే స్లాట్ ఉందో లేదో, ఎంత వరకు తీసుకుంటుందో రాసి ఉంటుంది.

రెండు స్లాట్‌లలో ఒకదాంట్లో 4 జీబీ ఉందనుకోండి. ఇంకో 4 వేస్తే రెండూ జతగా పనిచేసి 8 అవుతుంది, ఇది అన్నిటికంటే చవక. 8 ముక్క కొని పాత 4ని అలాగే ఉంచితే 12. సైజులు కలవకూడదన్న మాట షాపుల్లో వినపడుతుంది కానీ ఇలా కలిపినా మామూలుగా పనిచేస్తుంది. స్పీడు మాత్రం రెండింటిలో తక్కువదానికి దిగుతుంది. నాలుగైదేళ్లు వాడే డీడీఆర్4 మెషీన్ అయితే 8 ముక్క, ఒకటి రెండేళ్లలో మార్చేసేదైతే 4 ముక్క. నా లెక్క ఇది.

ధరల గురించి ఒక మాట. 2024లో 8 జీబీ డీడీఆర్4 ముక్క నేను రెండు వేల లోపే తెచ్చాను. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకి చిప్‌లు విపరీతంగా కావలసి రావడంతో తయారీదారులు అటు మళ్లారు. క్రూషియల్ పేరుతో ఇళ్లకి ర్యామ్ అమ్మే వ్యాపారం మానేస్తున్నట్టు చిప్‌లు తయారుచేసే మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబరులో ప్రకటించింది కూడా. కాబట్టి నిరుటి బిల్లు చూసి బేరమాడితే పని జరగదు, కొనే రోజు ధర కనుక్కోవాలి. పాత మెషీన్‌కి ఎక్కువ పోసి ర్యామ్ కొనొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. కొత్త కంప్యూటర్లు డీడీఆర్5కి మారిపోతున్నాయి. ఇవాళ కొన్న డీడీఆర్3 గానీ డీడీఆర్4 గానీ వాటిలో పెట్టలేరు.

ర్యామ్ ఒక్కటే సెకండ్ హ్యాండ్‌లో ధైర్యంగా కొనదగిన వస్తువు. దానిలో తిరిగేది లేదు, వాడకంతో అరిగేది లేదు. బాగుంటే ఏళ్ల తరబడి బాగుంటుంది. కానీ అక్కడే మీ మెషీన్‌లో పెట్టించి, విండోస్‌లోనే ఉండే మెమరీ డయాగ్నస్టిక్ నడిపించి చూడండి. ఇంటికొచ్చాక ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాము పెట్టి రాత్రంతా వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వెనక్కి ఇచ్చేలా ముందే మాట తీసుకోండి.

మావయ్యకి అలాగే ఒక 4 జీబీ పాత ముక్క కొన్నాను. బిగించడం ఆయన దగ్గరుండి చూశాడు. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ నాలుగు సెకన్లు నొక్కి లోపల మిగిలిన కరెంటు పోనిచ్చాం. క్యాబినెట్ ఇనుపరేకు మీద ఒకసారి చెయ్యి ఆనించాను, ఒంటి మీది స్టాటిక్ చిప్‌కి తగలకుండా. పక్క మూత తీసేసరికి బోర్డు మీద బూడిద రంగు దుమ్ము మెత్తలా పేరుకుని ఉంది. మెత్తని బ్రష్‌తో దులిపి, పాత ముక్క రెండు చివర్ల క్లిప్పులు వెనక్కి వంచితే అది పైకి లేచింది. దాని బంగారు రంగు పళ్లు నల్లబడి ఉన్నాయి. మనది ఉప్పుగాలి, తేమ ఉన్న ప్రాంతం, చాలా కంప్యూటర్లలో ఇది చూస్తాను. మనవడి పెన్సిల్ రబ్బరు అడిగి పళ్ల మీద మెల్లగా రుద్ది, రబ్బరు పొడి ఊడ్చేశాను. రెండు ముక్కలూ గాటు చూసుకుని నిలువుగా పెట్టి, రెండు బొటనవేళ్లతో సమానంగా నొక్కితే ఆ చివర టక్, ఈ చివర టక్ అని క్లిప్పులు వాటంతటవే పడ్డాయి. ఒక చివరే టక్ అంటే ముక్క పూర్తిగా కూర్చోలేదు, స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. స్విచ్చేసినా బొమ్మ రాకపోతే చాలాసార్లు కారణం ఇదే. షాపుకి పరుగెత్తే ముందు ముక్క తీసి మళ్లీ నొక్కి పెట్టి చూడండి.

బయటి డిస్క్: సైజు కంటే రెండో కాపీ ముఖ్యం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో మా పెద్దమ్మ వాళ్ల ఇంటి పైరేకులు లేచిపోయి, కంప్యూటర్ ఉన్న గది తడిసి ముద్దయింది. అన్నయ్య జాగ్రత్తపరుడే. పెళ్లి వీడియోలు, పిల్లల ఫోటోలు అన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసి పెట్టాడు. ఆ డిస్క్ కంప్యూటర్ పక్కనే, అదే టేబుల్ మీద, దానికే తగిలించి ఉంది. రెండూ పోయాయి. కరెంటు వచ్చాక రోజుల తరబడి ఎండలో ఆరబెట్టి చూశాడు, ఏదీ తిరగలేదు.

అప్పటి నుంచి ఎవరైనా "1 టీబీనా, 2 టీబీనా?" అని అడిగితే, 2 టీబీ ఒకటి కొనే డబ్బుతో చిన్నవి రెండు కాపీలు ఎలా పెట్టుకోవచ్చో చూద్దాం అంటాను.

బయట దాచుకోవడానికి ఐదారు దారులున్నాయి. పోర్టబుల్ హార్డ్ డిస్క్, అంటే అరచేతిలో పట్టేది, యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తుంది. జీబీకి పడే ధర చూస్తే ఇదే చవక. బీరువాలో పెట్టి దాచుకోవడానికి నేను దీన్నే ఇష్టపడతాను. పాడైనా కొంత సమాచారం బయటికి తీయగలిగే అవకాశం దీనిలో ఎక్కువ. దీనికున్న శత్రువు దెబ్బ. తిరుగుతుండగా టేబుల్ మీంచి పడితే ముల్లు పళ్లేన్ని గీసేస్తుంది. పెద్ద సైజు డెస్క్‌టాప్ రకం బయటి డిస్క్‌కి విడిగా అడాప్టర్ కావాలి. ఓల్టేజీ ఎగిసిపడే ఊళ్లో యూపీఎస్ లేకుండా దాన్ని వాడమని నేను చెప్పను.

బయటి ఎస్‌ఎస్‌డీ చిన్నది, కింద పడినా సాధారణంగా ఏమీ కాదు, వేగం ఎక్కువ. సంచిలో పెట్టుకుని రోజూ తిరిగే ఫోటోగ్రాఫర్‌కి అదే తగినది. ఇంట్లో దాచుకోవడానికి మాత్రం రెండు అభ్యంతరాలు. జీబీకి ధర ఎక్కువ. కరెంటు అందకుండా ఏళ్ల తరబడి మూల పడేస్తే దానిలోని సమాచారం చెదిరే ప్రమాదం ఉంది. పైగా వేగం మీ కంప్యూటర్ పోర్టుని బట్టే వస్తుంది. 200 జీబీ ఫోటోలు, వీడియోలు కాపీ చేయాలనుకోండి. యూఎస్‌బీ 2.0 పోర్టు సెకనుకి 35 ఎంబీ ఇస్తుంది, గంటన్నర పడుతుంది. యూఎస్‌బీ 3.0లో హార్డ్ డిస్క్ 110 ఎంబీతో అరగంటలో ముగిస్తుంది. అదే పోర్టులో ఎస్‌ఎస్‌డీ సెకనుకి 400 ఎంబీతో ఎనిమిదిన్నర నిమిషాల్లో. కానీ పాత 2.0 పోర్టుకి తగిలిస్తే ఎస్‌ఎస్‌డీకి కూడా అదే గంటన్నర. చాలా కంప్యూటర్లలో 3.0 పోర్టు లోపల నీలం రంగు నాలుక ఉంటుంది, చూసుకోండి.

పెన్ డ్రైవ్, మెమరీ కార్డు అటూ ఇటూ పట్టుకెళ్లడానికి బాగుంటాయి. దాచుకోవడానికి వాటిని నమ్మొద్దు. కొన్ని వందలకే 2 టీబీ పెన్ డ్రైవ్ అని కనిపిస్తే అది ఖాయంగా మోసం. లోపల 16 జీబీయో 32 జీబీయో చిప్ పెట్టి, కంప్యూటర్‌కి 2 టీబీ అని చెప్పేలా మారుస్తారు. నిజమైన చోటు నిండేవరకు బాగానే ఉంటుంది. తర్వాత రాసేవి పాతవాటి మీదే పడతాయి, లేదా గాల్లో కలిసిపోతాయి. ఫైల్ పేర్లు కనిపిస్తాయి, తెరిస్తే ఏమీ ఉండదు. అనుమానం ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాము డ్రైవ్ అంతా నింపి, తిరిగి చదివి అసలు సైజు చెబుతుంది. 1 టీబీ డిస్క్ విండోస్‌లో 931 జీబీ అని చూపిస్తే మాత్రం అది మోసం కాదు. కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1,024తో లెక్కిస్తుంది.

గూగుల్ ఖాతాకి ఉచితంగా వచ్చేది 15 జీబీ, మెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ కలిపి. ఫోటోలకి అంతులేని ఉచిత చోటు 2021 జూన్ 1తో పోయింది. పెళ్లి వీడియోలకి ఇది చాలదు. కానీ పొలం కాగితాలు, పదో తరగతి సర్టిఫికెట్లు, పాస్‌బుక్, ఇన్సూరెన్స్ స్కాన్ చేస్తే అన్నీ కలిపి 1 జీబీ కూడా దాటవు. వాటిని ఇవాళే అక్కడ పెట్టేయండి. ఇల్లంతా తుపాను చుట్టేసినా అవి ఎక్కడికీ పోవు.

ఇక నాకు అన్నిటికంటే నచ్చే దారి. ఇంట్లో మూలపడిన పాత లాప్‌టాప్ ఉందా? దానిలోని హార్డ్ డిస్క్‌కి యూఎస్‌బీ 3.0 కేసు దొరుకుతుంది, కొన్ని వందల్లో వచ్చేస్తుంది. డిస్క్ దానిలో తోసి మూత పెడితే అదే పోర్టబుల్ డిస్క్. మావయ్య ఇంట్లో కోడలి పాత లాప్‌టాప్ ఒకటి స్క్రీన్ పగిలి అటక మీద ఉంది. దాని 500 జీబీ డిస్క్ తీసి, ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాములో దాని ఆరోగ్యం చూశాను. నీలం రంగులో 'గుడ్' అని వచ్చింది. పసుపు రంగులో 'కాషన్' అని వస్తే, రీఎలోకేటెడ్ సెక్టార్లు, అంటే చెడిపోయి పక్కన పెట్టేసిన చోట్లు, పెరుగుతున్నట్టు కనిపిస్తే ఆ డిస్క్‌ని వదిలేసేవాణ్ని. పాతది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. రెండో కాపీగా అయితే చక్కగా సరిపోతుంది.

ఏ డిస్క్ అయినా కాపీ అయిపోగానే తీసేయండి. ఎప్పుడూ తగిలించి ఉంచితే పిడుగు పడినా, వైరస్ వచ్చినా రెండూ కలిసే పోతాయి. 'సేఫ్లీ రిమూవ్' నొక్కి, తిరగడం ఆగాకే చేత్తో పట్టుకోండి. చిన్న సిలికా జెల్ పొట్లం వేసి జిప్ కవర్లో పెట్టండి. టీవీకి కూడా తగిలిస్తారంటే ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసుకోవచ్చు, మీ టీవీ దాన్ని చదువుతుందో లేదో ముందు చూసుకుని. పాత పద్ధతి ఫ్యాట్32లో 4 జీబీ దాటిన సినిమా ఫైలు పట్టదు.

ఎక్కడ కొనాలి

ర్యామ్ ఊళ్లోనే కొనండి. ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల అయినా, విజయనగరంలో మూడు లాంతర్ల వైపు అయినా, మెషీన్ తీసుకెళ్లి అక్కడే పెట్టించి ఆన్ చేసి చూపించమని అడగవచ్చు. నూరో రెండొందలో ఎక్కువైనా ఆ సదుపాయానికి అది తగినదే. ఎస్‌ఎస్‌డీ, బయటి డిస్క్ ఆన్‌లైన్‌లో తక్కువకి వస్తే తీసుకోండి, కానీ అమ్మేది ఎవరో చూసి. ఎక్కడ కొన్నా జీఎస్‌టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. ఇంటికి రాగానే ఆ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పటివరకు ఉందో చూడండి. అక్కడ నంబరు లేదంటే అదే రోజు వెనక్కి ఇచ్చేయండి. ఒక సంగతి గుర్తుంచుకోండి, వారంటీలో డిస్క్ మారుస్తారు, దానిలోని ఫోటోలు తెచ్చివ్వరు.

మావయ్య ఆరు వేలలో 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, కేబులు, పాత 4 జీబీ ర్యామ్ ముక్క, లాప్‌టాప్ డిస్క్‌కి కేసు అన్నీ వచ్చి, ఇంకా కొంత మిగిలింది. మిగిలినది తీసి పక్కన పెట్టమన్నాను. యూపీఎస్ బ్యాటరీ అప్పటికే కూతలు పెడుతోంది. కంప్యూటర్ ఇప్పుడు పాతిక సెకన్లలో తెరుచుకుంటుంది. ఫోటోలు లోపలి 1 టీబీలో ఒకటి, బయటి 500లో ఒకటి, రెండు కాపీలున్నాయి. ఆ బయటి డిస్క్ ఆయన ఇంట్లో ఉండదు. శ్రీకాకుళంలో నా బీరువాలో ఉంటుంది, నాది ఆయన బీరువాలో ఉంటుంది. రెండిటికీ తెల్ల టేపు అంటించి పేరు, చివరిసారి కాపీ చేసిన తేదీ పెన్నుతో రాశాం. రథసప్తమికి ఆయన అరసవల్లి దర్శనానికి వస్తాడు కదా, వచ్చేటప్పుడు నా డిస్క్ సంచిలో వేసుకు రమ్మన్నాను.